పడమటి వైపు ఆరు తాళ్లు

దెయ్యం గియ్యం అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. జగిత్యాల దగ్గర మా పొలం శ్మశానాన్ని ఆనుకునే ఉంటుంది. ఆ గట్టు మీద కూర్చునే సద్ది తినేవాణ్ని. ఎవరైనా గాలి సోకిందనో, నీడ కనబడిందనో అంటే మొహం మీదే నవ్వేవాణ్ని. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆయిల్ రేటు బాగా పెరిగి, ఖతర్‌లో ఎటు చూసినా క్రేన్లే కనబడే రోజులవి. మా అమ్మ మాత్రం ఊళ్లో అందరికీ "మావోడు దుబాయ్‌ల ఉన్నడు" అనే చెప్పుకునేది. దోహాలో ముషైరిబ్ దగ్గర బిల్డింగ్ పని చేసీ చేసీ నడుము పట్టేసి, ఒక ఖతరీ ఇంట్లో పనికి మారాను. ఆయనే నా కఫీల్, అంటే వీసా యజమాని.

అక్కడివాళ్లకు చలికాలం వస్తే ఎడారిలో గుడారాలు వేసుకుని సెలవు రోజులు గడపడం అలవాటు. మా కఫీల్ క్యాంపు అల్ వక్రా దాటి ఇంకా దక్షిణాన, ఇసుక దిబ్బల దగ్గర ఉండేది. చలి మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా దాన్ని చూసుకోవడమే డ్యూటీ. ఉండటం పాత క్యారవాన్‌లో. చక్రాల మీద రేకుల గది అనుకోండి. రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి, మూల నీళ్ల డ్రమ్ము. రెండో పడక గంగన్నది.

గంగన్నది కోరుట్ల వైపు. ఆ క్యాంపులో ఎన్నో చలికాలాలు గడిపిన మనిషి. ఆయన పని చూస్తే ముచ్చటేసేది. క్యారవాన్‌ను ఇసుకలో నిలబెట్టడానికే ఒక పూట పట్టింది. లోపల పళ్లెంలో నీళ్లు పోసి పెట్టి, అవి ఏ వైపుకు ఒరిగితే ఆ వైపు చక్రం కింద చెక్క దూర్చేవాడు. తలుపు గాలికి ఎదురు ఉండకూడదన్నాడు. బూట్లు దులపకుండా తొడగొద్దన్నాడు. నేను గుడారానికి మేకు కొడుతుంటే చేతిలో సుత్తి లాక్కున్నాడు. ఇసుకలో మేకు నిలవదట. సంచిలో ఇసుక నింపి, తొడ లోతు గోతిలో పాతి, దానికి కట్టాలట తాడు.

ఆ తాడుకు ఆయన వేసే ముడి ఒకటుంది. గల్ఫ్‌కు రాకముందు పదిహేనేళ్లు కల్లు గీశాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టుకూ తనకూ కలిపి చుట్టుకునే మోకుకు వేసే ముడినే గుడారానికీ వేసేవాడు. ఎంత గుంజితే అంత బిగిసేది. నేను రోజూ చూసేవాణ్ని, రోజూ తప్పేవాణ్ని.

"బర్రెను కట్టేసినట్టు కడుతున్నవేందిరా తమ్మీ," అనేవాడు. "నీ ముడిని నమ్మి నువ్వు చెట్టెక్కుతవా?"

సీజన్ సగంలో ఒక పొద్దున ఆయన చేతిలోంచి చాయ్ కప్పు జారిపడింది. తీయబోతే కుడి చెయ్యి లేవలేదు. కఫీల్ దోహా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పక్షవాతం అన్నారు. కొన్నాళ్లకు ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టులో కూడా ఆయనకు క్యాంపు గోలే. "పడమటి తాళ్లు జర సూడు. గాలి అటు దిక్కు నుంచే వస్తది," అన్నాడు.

ఇంకో మనిషిని పెట్టాలా అని కఫీల్ అడిగితే, "మాఫీ ముష్కిల్," అన్నాను. ఏం ఇబ్బంది లేదు, నేనొక్కణ్నే చూసుకుంటానని గొప్పలకు పోయాను.

నెల దాటాక కఫీల్ పెద్ద గుడారాన్ని క్యారవాన్‌కు అవతలి వైపు మార్చమన్నాడు. కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి: ఆ చోట గుడారం వేసింది నేను. పడమట ఆరు తాళ్లు, తూర్పున ఆరు, అన్నీ నా బర్రె ముడులే. గంగన్న చెయ్యి ఒక్కదాని మీదా పడలేదు. ఒకరోజు పొద్దున్నే పడమట ఒక తాడు వదులైందని చూశాను. మళ్లీ అదే ముడి వేసి, సాయంత్రం సరిచేద్దాంలే అనుకున్నాను.

అది శుక్రవారం. భోజనాలయ్యాక కఫీల్, కొడుకులు బండ్లు తీసుకుని దిబ్బల మీదికి వెళ్లారు. గుడారంలో కఫీల్ తల్లి, ఇద్దరు చిన్న మనవరాళ్లు పడుకున్నారు. ఆమె నడవలేదు, చక్రాల కుర్చీ. నేను డీజిల్ కోసం పక్క క్యాంపుకు వెళ్లాను. డబ్బా నింపుతూ తలెత్తితే పడమటి ఆకాశం ఇసుక లేచి పసుపురంగులో ఉంది.

డబ్బా వదిలేసి పరుగెత్తాను. దారి పొడుగునా నా కళ్ల ముందు మెదిలింది ఆ గుడారం నడిమి గుంజ ఒక్కటే. అంత లావు గుంజ ముసలామె మీద, పిల్లల మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. తాళ్లు ఎలాంటివో కూడా తెలుసు. నా పక్కనుంచే ఎవరిదో గుడారం లేచి కొట్టుకుపోయింది. నేను ఏడుస్తూ పరుగెత్తాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మా గుడారం నిలబడే ఉంది. లోపలికి దూరి గుంజను రెండు చేతులా పట్టుకున్నాను. ముసలామె మనవరాళ్లను తన నల్లబట్ట కింద దాచుకుని దువా చదువుకుంటోంది. అరగంట ఉండొచ్చు. తూర్పు వైపు రెండు తాళ్లు ఊడి గుడ్డ టపటపా కొట్టుకుంది. పడమటి వైపు మాత్రం బెత్తెడు కూడా కదల్లేదు.

గాలి తగ్గాక బయటికొచ్చి చూశాను. పడమట ఆరు తాళ్లకూ మోకు ముడి ఉంది.

వంట గుడారంలో ఉన్న బంగ్లాదేశ్ వంటమనిషిని అడిగాను. తాను బయటికే రాలేదన్నాడు, ఎవరినీ చూడలేదన్నాడు. అడుగుల గుర్తులంటారా, ఆ గాలికి ఏ గుర్తు మిగులుతుంది? కఫీల్ వచ్చి తల్లి చెయ్యి ముద్దు పెట్టుకుని, నా భుజం తట్టాడు. అందరి ముందూ మొనగాడివన్నాడు. ఆ ముడులు నావి కావని నేను చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

సీజన్ అయిపోయాక గుడారం విప్పుతుంటే ఆ ముడులు నాకు విప్పరాలేదు. కోశాను. ఒక ముక్కను ముడితో సహా పెట్టెలో దాచుకుని, సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు గంగన్న ఇంటికి వెళ్లాను. నిజం ఆయనకైనా చెప్పుకోవాలనిపించింది.

మంచంలో కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. నేనింకా ఏమీ చెప్పకముందే తాడు తీసుకుని వేళ్లతో తడిమాడు.

"ముడి నాదే," అన్నాడు. "గని నేను అక్కడ ఏసినయన్ని కుడి శేతివి. ఇది ఎడమ శెయ్యితోని ఏసింది. మెలిక సూడు ఎటు తిరిగిందో."

నీళ్లు తెచ్చిన ఆయన భార్య ఆ మాట విని మంచం కోడు చూపించింది. దానికి చుట్టిన తాడు అరిగి నునుపుగా ఉంది. "వచ్చిన కాడి నుంచి ఎడమ శెయ్యితోని గదే పని," అంది. "శివరాత్రికి ముందు ఒకనాడు, పగటిపూట, బువ్వ కూడ తినకుండ ఒకదాని మీద ఒకటి ఆరు ఏసిండు. శెయ్యి ఉబ్బి రెండు దినాలు నూనె రాసిన."

ఆరు తాళ్లని నేను ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గాలి వచ్చింది కూడా శివరాత్రికి ముందే. శుక్రవారమేనా అని అడిగితే ఆమెకు గుర్తు లేదంది. గంగన్ననే అడిగాను. ఆయన తాడు తిప్పి తిప్పి చూసి, "ముసలామె మంచిగున్నదా?" అన్నాడు. బాగుందన్నాను. తల ఊపాడు.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మంచం కోడుకే ముడి వేయించాడు. పది సార్లు తప్పాను, పది సార్లూ విప్పించాడు. పదకొండోసారి కుదిరింది.

ఆ తర్వాత నాలుగు సీజన్లు క్యాంపు చూశాను. ఒక్క గుడారం పడలేదు. ఆ ముడి నాకు ఇప్పటికీ ఎడమ చేత్తోనే వస్తుంది.