ముందు అసెంబ్లీ, తర్వాతే ఫోర్‌ట్రాన్

1967లో నన్ను బందరులోని ఒక మురుగుకాలువల డివిజన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. ఆ ఏడే దివిసీమ కాలువల లెక్కలు మద్రాసు కంప్యూటర్‌తో చేయించాలని ఉత్తర్వు వచ్చింది. ఆ యంత్రాన్ని మేము కంటితో చూడలేదు. గళ్ళ కాగితాల మీద ప్రోగ్రాం రాసి పోస్టులో పంపేవాళ్ళం. అక్కడ కార్డులకు చిల్లులు కొట్టి యంత్రానికి ఎక్కించేవారు. తప్పుంటే వారం పోయాక కట్ట తిరిగొచ్చేది.

నాతో ఈ పనికి వేసింది ఓవర్‌సీర్ కోటేశ్వరరావును. అతనిది నాగాయలంక అవతల పల్లె. పోటు సమయంలో సముద్రపు నీరు కాలువలోకి ఎగదన్ని ఏటా వాళ్ళ నాట్లు కుళ్ళిపోయేవి. కొత్త కాలువ డిజైనులో పోటును గంటగంటకూ లెక్కలోకి తేవాలని అతని పంతం. చేత్తో తెమిలే లెక్క కాదది. డిజైను వేసవి ముగిసేలోగా ఖాయం కావాలి.

ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో సూత్రాన్ని ఇంచుమించు మామూలుగా రాసుకున్నట్టే రాయొచ్చు. యంత్రానికి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో అలా కుదరదు. ఒక్క కూడికకైనా ఏ అంకె యంత్రంలో ఏ అరలో ఉందో, దశాంశ బిందువు ఎక్కడో మనమే చూసుకోవాలి. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారిది కూచిపూడి పక్క ఊరు. అడుగులు సాధించనిదే గజ్జె కట్టనివ్వని చోట పెరిగిన మనిషి. ముందు అసెంబ్లీలో తప్పుల్లేని ప్రోగ్రాం రాసి పరీక్ష నెగ్గండి, తర్వాతే ఫోర్‌ట్రాన్ అన్నారు.

"పడవెక్కడానికి వడ్రంగం నేర్చుకోవాలాండీ?" అన్నాడు కోటేశ్వరరావు.

"తేలిగ్గా వచ్చింది తేలిగ్గానే పోతుందయ్యా" అన్నారాయన.

నేను ఎస్సెల్సీ తప్పినవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఫోర్‌ట్రాన్ పుస్తకం సగం చదివాను. వాక్యం ఏడో గడిలోనే మొదలుపెట్టాలన్న నియమం తప్ప నన్ను తిప్పలు పెట్టింది లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. "చదువు రానివాళ్ళకే దొడ్డిదారి కావాలి" అని పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

వేసవంతా మా అసెంబ్లీ కట్టలు తప్పులతో తిరిగొస్తూనే ఉన్నాయి. గడువు దాటింది. మద్రాసువాళ్ళు తమ దగ్గరున్న పాత ప్రోగ్రాంతో, సముద్రమట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుని లెక్క కట్టారు. కాలువ అలాగే తవ్వారు.

తర్వాత కోటేశ్వరరావు పరీక్ష నెగ్గాడు. బీరువా తెరిచారు. పోటు లెక్కను అతను ఫోర్‌ట్రాన్‌లో కొద్దిరోజుల్లోనే రాశాడు. కాలువ చివర తలుపు కట్టకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుందని జవాబు వచ్చింది. అప్పటికే వచ్చేసింది కూడా. తలుపుకు వేరే మంజూరు కావాలన్నారు. నేనక్కడ ఉన్నంతకాలం ఆ మంజూరు రాలేదు.

గుడివాడ బస్టాండులో ఒకసారి కోటేశ్వరరావు కలిశాడు. "బావా, మా ఊళ్ళో అసెంబ్లీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న కౌలు మానేశాడు" అన్నాడు.

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్ళకు తేలికైన భాషే ముందు నేర్పించాను. యంత్రం లోపలి సంగతులు కావలసినవాళ్ళు తీరిగ్గా నేర్చుకున్నారు. అందువల్ల ఎవరి చదువూ చెడలేదు.