చెయ్యి చాపితే చాలనుకున్నాం

నేను మైత్రీవనంలో జావా నేర్చుకునే రోజుల్లో, యూసుఫ్‌గూడలోని అద్దె గదుల్లో మా మేనత్తతో ఉండేదాన్ని. అత్తమ్మ పంజాగుట్టలో ఒక లేడీస్ టైలర్ షాపులో జాకెట్లు కుట్టేది. ఎందరో ఆడవాళ్ల కొలతలు తీసే మనిషి, తన రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి మాత్రం స్నానాల గది తలుపు చాటు నుంచి చెప్పింది.

"లేడీ డాక్టర్‌కి చూపిద్దాం అత్తమ్మా."

"డాక్టరమ్మైతేంది? జాకెట్ ఇప్పి ఒత్తి చూస్తది గద. నాతోని గాదు బిడ్డా."

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల పక్కనే రక్త పరీక్షల బోర్డులూ వెలుస్తున్న కాలమది. ఒక ల్యాబ్ అద్దానికి 'రొమ్ము క్యాన్సర్‌కు రక్త పరీక్ష' అని కాగితం అంటించి ఉంది. అత్తమ్మ దాన్ని నాచేత రెండోసారి చదివించుకుని, మెట్ల దగ్గర చెప్పులు విడిచింది.

"గిదైతే చెయ్యి జాపితే సాలు."

రిపోర్టులో అంకె హద్దు లోపలే ఉంది. ఆ సాయంత్రం ఆమె మిర్చి బజ్జీలు తెచ్చింది. "చూసినవా? ఊకె ఫికర్ జేస్తివి!"

గడ్డ పెరుగుతూనే ఉంది. నొప్పి పుడితే, మిషన్ మీద వంగి కూర్చోవడం వల్లేననేది. చంకలో కూడా గడ్డలు తగిలాకే డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ రిపోర్టు చూసి పక్కన పెట్టారు.

"రక్తంలోని ఈ మార్కర్ అంకె మొదట్లో పెరగకపోవచ్చమ్మా. జబ్బు ముదిరాక మందు పనిచేస్తోందో లేదో చూడ్డానికి వాడతాం. గడ్డ తగిలితే చేత్తో చూడాలి, మామోగ్రామ్ తీయాలి, ముక్క తీసి పరీక్ష చేయాలి."

అత్తమ్మ జాకెట్ హుక్కులు తనే విప్పుకుంది.

చికిత్సలో మళ్లీ మళ్లీ రక్తం తీశారు. ఇప్పుడు ఆ అంకె పెరుగుతూ పోయింది. నెట్ సెంటర్లో చదివింది ఆమెకు చెప్పేదాన్ని: తొలి గుర్తుల కోసం రక్తంలోనే కాదు, ఉమ్మిలోనూ కన్నీళ్లలోనూ వెతుకుతున్నారని.

"కన్నీళ్లల్లనా? జర ముందుగాల చెప్తే ఉల్లిగడ్డలు కోసినప్పుడు గిన్నెల పట్టి పెడుతుంటి గద!" నవ్వబోతే దగ్గు వచ్చింది. "దొరికిందా మరి?"

"ఇంకా లేదత్తమ్మా."

"దొరికితే మా షాపుల ఆడోళ్లకు చెప్పు. ఆళ్లు సుత ఎవ్వలకు చూపియ్యరు."

ఆమె పోయాక షాపుకి వెళ్లాను. తొలి గుర్తును పట్టే అలాంటి పరీక్ష ఇంకా రాలేదు. కొత్తవాళ్లతో గొంతు పెగలని నేను, మిషన్ల చప్పుడు మించేలా, గడ్డ తగిలితే సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చూపించుకోండని చెప్పాను. ఒకామె మిషన్ ఆపి, పైట సర్దుకుంది.