గ్రిల్ షాపులో చేయించిన ప్రొటీన్

మా పరిశోధనశాలలో బడిపిల్లల కోసం ప్రదర్శన పెడుతున్నామని చెప్పి, మా గైడ్ మేడం నాకో పని అప్పజెప్పారు. క్యాన్సర్‌ను అడ్డుకునే ఒక ప్రొటీన్ ఆకారాన్ని మనిషెత్తున చేయించాలి. నా పీహెచ్‌డీ దాని మీదే.

ప్రొటీన్ కంటికి కనిపించదు. దాన్ని ఉప్పురవ్వ లాంటి స్ఫటికంగా పెంచి, అందులోంచి ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరే తీరును బట్టి లోపలి ఆకారాన్ని లెక్కగడతారు. దీని ఆకారాన్ని నేను ఈ చదువులోకి రాకముందే పెద్దవాళ్లు కనుక్కున్నారు. కంప్యూటర్లో చూస్తే వెడల్పాటి పట్టీలు, స్ప్రింగుల్లాంటి మెలికలు, వాటిని కలిపే తీగలు ఉంటాయి. అమీర్‌పేటలో త్రీడీ ప్రింటింగ్ వాళ్లు అరచేతికంటే పెద్దది చేయలేమన్నారు. హాస్టల్‌కి తిరిగొస్తుంటే, ఎర్రమంజిల్ వైపు సందులో కిటికీ గ్రిల్స్ చేసే షాపు కనిపించింది. గుమ్మంలో పట్టీలు, తీగలు, మెలికలు గుట్టగా పడి ఉన్నాయి.

షాపాయన నా ఫోన్లో బొమ్మ చూశాడు. “ఏంది మేడం గిది, దేవుని గది తలుపా?”

“కాదన్నా, ప్రొటీన్.”

“జిమ్ముకు పోయే పోరగాళ్లు డబ్బాలల్ల కొంటరు, గదేనా?”

“అది వేరు. ఇది మన ఒంట్లోనే ఉంటుంది. కణం పాడైతే అది రెండుగా చీలకుండా ఆపుతుంది. ఇది చెడిపోతే క్యాన్సర్ రావచ్చు.”

ఆయన చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టాడు. “ఎక్కడ చెడిపోతది?”

డీఎన్ఏని పట్టుకునే చోటు చూపించాను. కాసేపు దానివంకే చూసి, “గక్కడ డబుల్ వెల్డింగ్ కొడ్త. ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు.

అటునుంచీ ఇటునుంచీ కనిపించే ప్లాస్టిక్ షీటు మీద బొమ్మ తెస్తే రేకు మీద పరిచి గీసుకుంటానన్నాడు. మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి ఇచ్చాను. ఏ పట్టీ ముందుకు రావాలో, ఏది వెనక్కి పోవాలో గంటసేపు నోటితో చెప్పాను. నాలుగు రోజుల్లో పని పూర్తయింది. మధ్యలో ఉండే జింక్ పరమాణువుకి బదులు పాత మంచం నుంచి ఊడిన ఇత్తడి గుండు బిగించాడు. నాకు ముద్దొచ్చింది.

ట్రాలీ ఆటోలో తీసుకెళ్తుంటే, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బైకు మీదున్న ఒకాయన, “అన్నా, గీ గేటు యాడ జేయించిండ్రు? మస్తుగుంది!” అని ఆటో డ్రైవర్‌ని అడిగాడు. డ్రైవర్ గర్వంగా మీసం తిప్పాడు తప్ప గేటు కాదని చెప్పలేదు.

మేడం దాని చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్లీ తిరిగారు. “మెలికలు ఎటు తిరుగుతున్నాయమ్మా?”

చూశాను. మన ఒంట్లోని ప్రొటీన్లలో ఆ మెలికలు మామూలు స్క్రూ మరలాగా కుడివైపు తిరుగుతాయి. ఇవన్నీ ఎడమవైపు తిరిగాయి. షాపాయన షీటుని తిరగేసి పరిచినట్టున్నాడు. దాని మీద ఒక్క అక్షరం ఉన్నా తెలిసిపోయేది. అందంగా ఉంటుందని పేర్లన్నీ తీసేయించింది నేనే.

“ఇలాంటి ప్రొటీన్ ఏ ప్రాణిలోనూ ఉండదు,” అన్నారు మేడం. ప్రదర్శన మర్నాడే.

ఫోన్ చేస్తే షాపాయన అరగంటలో స్కూటర్ మీద వచ్చాడు. ఏడుపు ఆపుకుంటూ సంగతి చెప్పాను.

“అంటే, అద్దంల జూసినట్టు అయ్యిందా?”

“అవునన్నా.”

“మరి అద్దంలనే జూపిద్దాం.”

నవ్వులాట అనుకున్నాను. మేడం మాత్రం కళ్లద్దాలు తీసి ఆలోచించారు. “సైన్సు ప్రకారం తప్పేం లేదు,” అన్నారు మెల్లగా.

సాయంత్రానికి ఆయన పాత బీరువా తలుపు ఒకటి తెచ్చాడు, నిలువుటద్దంతో సహా. ప్రొటీన్ వెనక ఏటవాలుగా నిలబెట్టాడు. అద్దంలో అన్నీ కుడివైపే తిరిగాయి. ‘అసలు ప్రొటీన్ అద్దంలో ఉంది’ అని మేడం స్వయంగా అట్టముక్క మీద రాసి తగిలించారు.

పొద్దున్నే పిల్లలు వచ్చారు. మగపిల్లలు అద్దంలో తలలు దువ్వుకున్నారు. టీచర్లు చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం, “బయటిది ఎందుకు తప్పు మిస్?” అని అడిగింది. కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి సరిగ్గా పట్టదు కదా అన్నాను. తరగతి మొత్తం చేతులు పైకెత్తి, తిప్పి తిప్పి చూసుకుంది. ఇక మిగతా బల్లల దగ్గర జనమే లేరు.

మధ్యాహ్నం షాపాయన ఇస్త్రీ చొక్కాలో, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. “గిది క్యాన్సర్‌ను ఆపే డిజైన్. ఎక్స్‌రే తీసి పట్టుకున్నరు,” అని అడగనివాళ్లకు కూడా చెప్పాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

“వంటింటి కిటికీకి గ్రిల్ పెట్టుమని రెండేండ్ల సంది మొత్తుకుంటున్న. గీ మేడంకు నాలుగు దినాలల్ల జేసిచ్చినవా?”

“గిది సైన్సే,” అన్నాడాయన, అద్దంలోంచి నావైపు దీనంగా చూస్తూ.

“మొన్న కోతొచ్చి టమాటలు ఎత్తుకపోయింది. దానికి జెప్పు నీ సైన్సు.”

ఆ ఆదివారం మిగతా డబ్బులిద్దామని వెళ్తే షాపు మూసి ఉంది. పక్కనున్న టీ కొట్టాయన, ఇంట్లో గ్రిల్ బిగిస్తుండని చెప్పాడు.