శేషగిరి గారి చుట్టరికాలు

శేషగిరి గారికి పరాయివాళ్ళంటే పడదు. అలాగని ద్వేషమేమీ కాదు, ఎవరినీ పరాయివాళ్ళుగా ఉండనివ్వరు, అంతే. తెలుగు మాట చెవిన పడితే చాలు, "ఏ ఊరు? ఇంటిపేరేమిటి?" అని మొదలుపెట్టి, అవతలివాళ్ళు తేరుకునేలోగా ఏదో ఒక వరస కలిపేసేవారు. ఎడ్మంటన్‌లో ఆయన చుట్టం కాని తెలుగువాడు లేడు. నిజమైన చుట్టాలు మాత్రం అక్కడ ఆయనకు ఒక్కరూ లేరు.

కరోనా సద్దుమణిగి, విమానాల నిండా విద్యార్థులు కెనడాలో దిగుతున్న రోజులవి. ప్రొద్దుటూరు నుంచి చదువుకోవడానికొచ్చిన కావ్యశ్రీ ఒక ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటూ ఆయనకు దొరికిపోయింది.

"ప్రొద్దుటూరా! మా పిన్ని తోడికోడలి చెల్లెల్ని ఇచ్చింది ప్రొద్దుటూరే!" షాపు పైకప్పు వంక చూస్తూ ఆయన కాసేపు లెక్క వేశారు. "అంటే మీ అమ్మ నాకు చెల్లెలి వరస. నేను నీకు మేనమామని!"

"అది కాదు అంకుల్..."

"మేనమామని పట్టుకుని అంకుల్ అంటావేమిటి?"

పక్కనే ఉన్న ఆయన భార్య మీనాక్షి గారు తల కూడా తిప్పలేదు. "ఇవాళ్టికి ఈ కోడలితో సరిపెట్టండి. అవతల కారు గడ్డకట్టుకుపోతోంది," అన్నారు.

ఈ జబ్బు తెలుగువాళ్ళతో ఆగితే బాగానే ఉండేది. ఆయన ఇల్లు నగరానికి దూరంగా, పొలాల మధ్య ఉండేది. పక్క పొలం వాల్టర్ అనే ముసలి రైతుది. వాల్టర్ కుక్కకూ శేషగిరి గారి కుక్కకూ పిల్లలు పుట్టాయి. ఆ రోజు నుంచి వాల్టర్ ఆయనకు వియ్యంకుడు. పాపం, ఆ మాటకు అర్థం తెలియకపోయినా, మంచు తోసే ట్రాక్టరు మీద వస్తూ వాల్టర్ కూడా "హలో, వియ్యంకూ!" అని కేకేసేవాడు. "చూశావా, మర్యాద తెలిసిన సంబంధం," అని శేషగిరి గారు మురిసిపోయేవారు.

రేవంత్ అనే ఇంకో విద్యార్థిది జగిత్యాల. వాడికి ఆయన పెదనాన్న అయిన వైనం ఇంకా విచిత్రం.

"మా మేనత్త మరిది మీ జగిత్యాలలోనే పోస్ట్‌మాస్టరుగా చేశారురా. అంటే మీ నాన్న నాకు తమ్ముడి వరస."

"అదెట్ల సార్?"

"అదంతే."

రేవంత్ బిగుసుకుపోయి ఉండే మనిషి. గిడ్డంగిలో పార్ట్‌టైం పని పోయినా ఎవరితోనూ అనలేదు. స్నేహితులు అన్నానికి పిలిస్తే తిని వచ్చానని అబద్ధమాడేవాడు. అలాంటివాడు డిసెంబరు మొదట్లో పెట్టె సర్దుకుని శేషగిరి గారింటి మేడగదిలో దిగాడంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. పైగా ఉదయాన్నే లేచి గుమ్మం ముందు మంచు తోసేవాడు, కుక్కలకు అన్నం పెట్టేవాడు, "పెదనాన్నా, హీటర్ తగ్గియ్యనా?" అని అరిచేవాడు.

క్రిస్మస్ సెలవులకు కావ్యశ్రీని కూడా మేనమామ హోదాలో ఆయనే కారులో తీసుకొచ్చారు. బయలుదేరేముందు ఆ పిల్ల సరదాగా వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఈ చుట్టరికం సంగతి అడిగింది. ఆ ఫోన్ చేయకపోతే ఎంత బాగుండేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. చేసినా ఆ మాట కడుపులో దాచుకుని ఉంటే ఇంకా బాగుండేది.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం. కిటికీ అవతల మోకాలి లోతు మంచు, వాకిట్లో స్ప్రూస్ చెట్టుకు రంగుల దీపాలు. లోపల బల్ల మీద కోడిపులుసు, గారెలు, వియ్యంకుడు పంపిన పళ్ళ కేకు. శేషగిరి గారు కేకు కోస్తూ, అరగంట కిందట కారులో పెట్రోలు కొట్టించుకున్న చోట కలిసిన ఒక పంజాబీ ట్రక్కు డ్రైవరు తనకు తోడల్లుడెలా అయ్యాడో వివరిస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు. తనూ ఒక నవ్వు కలుపుదామని కావ్యశ్రీ నోరు తెరిచింది.

"మామయ్యా, మీ గుట్టు బయటపడింది! మా అమ్మనడిగినా. మీరు మాకేమీ కారంట. ఆ మాటకొస్తే ఈడ ఎవురికీ ఏమీ కారు!"

ఆయన నవ్వారు కానీ చేతిలో కత్తి ఆగిపోయింది. రేవంత్ నోటిదాకా తీసుకెళ్ళిన గారెను కంచంలో పెట్టేశాడు.

"నిజమా సార్? పోస్ట్‌మాస్టర్ గూడ లేడా?" అన్నాడు.

పెదనాన్న సార్ అయిపోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. శేషగిరి గారు కేకు వంక చూశారు. రేవంత్ చెయ్యి కడుక్కుని, "నేను రూంకి పోత. ఎవరిదో ఇంట్ల ఇన్నిరోజులు ఉచితంగ పడి తిన్న," అని మేడ మీదికెళ్ళాడు. పైనుంచి పెట్టె జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించింది. స్నేహితులంతా సెలవులకు వెళ్ళిపోయారు, నగరంలో వాళ్ళు కలిసి అద్దెకుంటున్న బేస్‌మెంట్ గదిలో వాడొక్కడే ఉండాలి.

కావ్యశ్రీ వంటింట్లోకి వెళ్ళి మీనాక్షి గారి ముందు నిలబడింది. "అత్తా, తమాషాకన్నా. ఆయనకు తెలీదేమో అనుకున్నా."

"తెలియకపోవడమేమిటమ్మా?" అన్నారు ఆవిడ మెల్లగా. "రేవంత్‌ను రమ్మని ఎన్నిసార్లు పిలిచారో! బాగానే ఉన్నానండీ అంటాడు, రాడు. ఎవరైనా జాలిపడి పెడితే మనవాళ్ళు తినరు కదా. పెదనాన్న ఇంట్లో తినడానికి ఎవరికీ చిన్నతనం ఉండదు. అందుకని ఆ పోస్ట్‌మాస్టరును పుట్టించారు. నీకోసం చెప్పిన ఆ పిన్నిని, తోడికోడల్ని కూడా అలాగే అనుకో."

కావ్యశ్రీకి తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది. ఆ ఇంట్లో వాళ్ళకు అదే ఆఖరి క్రిస్మస్. మరుసటి ఏడాది శేషగిరి దంపతులు ఎక్కడో దూరాన ఎటోబికో అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి మారిపోయారు. ఉన్న ఒక్క పండగను చేజేతులా చెడగొట్టాననే బాధ ఆమెకు ఇంకా తీరలేదు.

హాల్లోకి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. రేవంత్ బూట్లు వేసుకుని పెట్టె పట్టుకున్నాడు. శేషగిరి గారు కోటు తొడుక్కుని, కారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"రేవంత్, నువ్వు యాడికీ పోకూడదు!"

"ఎందుకు?"

ఎందుకో ఆమెకూ తెలియదు. నోటికొచ్చింది అందుకుంది. "ఎందుకంటే ఈయన నాకు మేనమామ. నీకు పెదనాన్న. అంటే నువ్వు నాకు అన్నవి. పండగపూట చెల్లెల్ని ఇడిసిపెట్టి పోతావా?"

"మీ అమ్మ ఏమీ కాదన్నదిగద?"

"మాయమ్మకేం తెల్సు? చుట్టాల్లో సగంమందిని ఆమె మర్చిపోయింది!"

శేషగిరి గారు ఒకసారి గొంతు సవరించుకున్నారు. తమాయించుకోవాలనే చూశారు కానీ, ఆయన వల్ల కాలేదు.

"అన్న ఎలా అవుతాడమ్మా?" అన్నారు. "మేనమామ తమ్ముడి కొడుకు అన్న అవడం ఎక్కడైనా ఉందా? బావ అవుతాడు!"

కావ్యశ్రీ ముఖం కందిపోయింది. వంటింటి గుమ్మంలో మీనాక్షి గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో, పిల్లని ఇరికించేశారండీ!" అన్నారు.

"వరస వరసే. నేనేం చేసేది?"

"నాకీ వరస వద్దు మామయ్యా, మార్చండి!"

"నన్నడుగుతావేం? మీ బావనడుగు."

రేవంత్ పెదవులు బిగబట్టి చూశాడు. లాభం లేకపోయింది. ఫక్కున నవ్వి, పెట్టె కింద పెట్టి, గుమ్మంలోనే కూలబడి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ముందుగాల ఆ తలుపు వెయ్యండ్రి పెదనాన్నా," అన్నాడు. "ఇంట్లకు మంచు కొడుతున్నది."