నాలుగో బోరు లెక్క

దెబ్బల మేస్త్రి అంటే కట్టడం పనివాళ్లందరికీ తెలుసు. పేరు విని హడలిపోకండి, మనిషి చీమకైనా హాని చెయ్యడు. పునాది వేయబోయే చోట నేలలోకి బోరు దింపి, మీటరున్నరకొకసారి అడుగున గొట్టం నిలబెట్టి, దాని మీద బరువైన గుండు వదులుతారు. గొట్టం ఒక అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టి రాయడమే ఆయన పని. తక్కువైతే మెత్తని నేల, ఎక్కువైతే గట్టిది. ఆ అంకెలు చూసే ఇంజనీర్లు పైళ్లు, అంటే నేలలోకి దింపే పునాది స్తంభాలు, ఎంత లోతుకు దింపాలో తేలుస్తారు. పెళ్లికి ముందు మామగారు "ఏం చేస్తుంటావు బాబూ?" అంటే, "దెబ్బలు లెక్కపెడతానండీ" అన్నాడట. పాపం, ఆ పెద్దమనిషి పోలీసనుకుని మురిసిపోయాడు!

ముప్పై ఏళ్లుగా ఆయన అంకెకు తిరుగులేదు. అలాంటివాడికి బడి కట్టే స్థలంలో బుద్ధి గడ్డి తింది. మూడు బోర్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చాయి. నాలుగోది సగంలో ఉండగా, భార్యను ఆపరేషనుకు తీసుకెళ్తున్నారని ఫోనొచ్చింది. పనివాళ్లను పంపేసి, మిగతా సగానికి మూడో బోరు అంకెలే ఎక్కించి పరుగెత్తాడు.

భార్య కోలుకుని ఇంటికొచ్చింది. ఆయనకే ముద్ద దిగడం లేదు. సోమవారం పైలింగు మిషను వస్తోందని తెలిశాక ఆమె ముందు బయటపడ్డాడు.

"నీ గురించిన గాభరాలోనే కదే రాసేశాను!"

"నా మీదకు తొయ్యకు. వెళ్లి చెప్పు."

"పరువు పోతుందే."

"పోనీ. పిల్లలు కూర్చునే గదులవి."

ఆ బడి కట్టిస్తున్న ఇంజనీరుది ఆయన కూతురి వయసు. బడి ప్లాను మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు.

"ఇంకెన్ని చోట్ల ఇలా రాశారు మేస్త్రిగారూ?"

"ఒట్టు మేడమ్, ఇదొక్కటే."

"ఎలా నమ్మమంటారు?"

సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడే నాలుగో బోరు పక్కన ఇంకొకటి దింపారు. పన్నెండు మీటర్ల దగ్గర ఆయన ముప్పై ఒకటి రాసి ఉన్నాడు. ఇప్పుడు నాలుగు దెబ్బలకే గొట్టం దిగబడిపోయింది. ఎప్పుడో పూడిపోయిన వాగు కాబోలు, నల్లటి బురద పైకొచ్చింది. ఆ మూల పన్నెండు మీటర్ల పైళ్లు పద్దెనిమిదికి పెరిగాయి. మిగతా బోర్లు కూడా సరిచూడాలంది ఇంజనీరు. పక్కనే నిలబడి తనూ లెక్కపెట్టింది. ఆయన దగ్గరుండి పని చేయించాడు.

మొదటిది ఒకటి రెండు దెబ్బల తేడాతో సరిపోయింది. మూడోదీ అంతే.

"ఇక చాలు మేస్త్రిగారూ," అంది ఆమె, ముఖం తేటపడి. "నమ్మాను. సామాను సర్దించండి."

ఆయన కదల్లేదు.

"రెండోది మిగిలింది మేడమ్."

"మూడు చూశాం కదా. అదీ పాత లెక్కలాగే వస్తుందిలెండి."

"ఆరోజు నేనూ అలాగే అనుకున్నాను."