అండాలమ్మ అగరు పాట

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఎవరింట బిడ్డ పుట్టినా ముందు డాక్టరుకు, ఆ వెంటనే అండాలమ్మకు కబురు వెళ్లేది. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం మూలపడ్డాక మొగుడి వెంట పట్నం వచ్చి, బట్టల షాపుల్లో పని దొరక్క, పసిపిల్లలకు లాల పోయడం మొదలుపెట్టింది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుందంటే ఇక ఆ బిడ్డ ఆమెదే. కన్నతల్లి కూడా పక్కకు జరగాల్సిందే. అబ్బో, ఆ పెత్తనం ఏమని చెప్పేది!

పేరంతా ఆమె పాటది. నీళ్లు పోశాక తల ఆరడానికి నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టడం అందరూ చేసేదే. అండాలమ్మ మాత్రం అగరు చెక్క తెమ్మనేది. మలక్‌పేట అత్తరు షాపుల్లో ఊదు అని అడిగితే ఇస్తారే, ఆ నల్లటి పలుకు. తలుపు మూసి, ఆ పొగలో బిడ్డను ఊపుతూ, అత్త నేర్పిన పాట ఎత్తుకునేది:

"అగరు పొగల లాల, అవ్వ పాడె లాల
నల్ల కురుల బిడ్డకు నూరేండ్ల లాల"

"బిడ్డ తుమ్మేదాంక పాట ఆపొద్దు. నడుమల పాట తెగితె ఊపిరి తెగుతది" అని ప్రతి ఇంట్లోనూ చెప్పేది. బిడ్డ తుమ్మగానే ఇల్లంతా "చిరంజీవ" అనేవాళ్లు. ఆమె చేతిలో తుమ్మని బిడ్డ లేదు మరి. అందుకే ఆ మాటను ఎవరూ కాదనలేదు.

ఎల్‌బీ నగర్‌లో ఉండే సూర్యప్రభకు ఈ పాటంటే ప్రాణం. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. తలంటుకున్న నాయికలు అగరు ధూపంలో జుట్టు ఆరబెట్టుకునే పద్యాలు ఆమెకు కంఠతా వచ్చు. ఆ దృశ్యాన్నే బొమ్మగా వేసి హాల్లో పెట్టుకుంది. పొగలో ఆ నాయిక ముఖం సగమే కనబడుతుంది. "మేము పుస్తకాల్లో వెతుక్కునేది నీ నోట్లో ఉందే, అండాలమ్మా!" అని మెచ్చుకుని, పాటను ఫోన్లో రికార్డు చేసుకుని మరీ నేర్చుకుంది. అండాలమ్మ ఉబ్బి తబ్బిబ్బయింది. చదువుకున్నావిడ తన పాట నేర్చుకోవడమంటే మాటలా!

సూర్యప్రభ కూతురు మృదులకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో అద్దాల పెట్టెలో ఉండి ఉండి, చివరికి ఇల్లు చేరిన పిల్ల. అండాలమ్మ లాల పోసి, నిప్పులు తెమ్మంది.

"పొగ వద్దు, అండాలమ్మా. దీని ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదట, డాక్టరు గట్టిగా చెప్పారు" అంది మృదుల.

"గిసొంటి బిడ్డలను ఎంతమందిని చూసిన, తల్లీ! ఊదు పొగ కఫం తెంపుతది. నువ్వు జర పరేషాన్ గాకు."

"నువ్వూ పొగలోనే పెరిగావులేవే" అంటూ సూర్యప్రభ కూతుర్ని బయటికి పంపి తలుపు వేసింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నారు ఇద్దరూ.

పాట మొదలైంది. బిడ్డ దగ్గింది, ఏడ్చింది, తర్వాత సద్దుమణిగింది. నిద్రపట్టిందనుకుంది అండాలమ్మ. తుమ్ము మాత్రం రాలేదు. సూర్యప్రభ ఇంకో పలుకు నిప్పుల మీద వేసింది. పొగ చిక్కబడింది. అండాలమ్మ వంగి చూసేసరికి బిడ్డ పెదవులు నీలిమందులో ముంచిన నూలులా ఉన్నాయి. అయినా నోరు పాడుతూనే ఉంది! ఆపితే ఊపిరి తెగుతుందన్న భయం ఆ నోటిని ఆపనివ్వలేదు.

అదృష్టం బాగుండి మృదుల తలుపు తోసుకొచ్చింది. బిడ్డను లాక్కుని మెట్ల మీదుగా పరుగెత్తింది. పాట అక్కడ తెగింది.

దవాఖానలో బిడ్డ ఊపిరి తిరిగొచ్చింది. "కాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. ఇంకోసారి పొగ తగిలితే మాత్రం దక్కదు" అన్నాడు డాక్టరు. ఆ మాట అండాలమ్మ చెవులారా విన్నది. బయట మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తన మాట పట్టుకుని ఎన్ని ఇళ్లలో తలుపులు మూశారో లెక్క పెట్టుకుంటూ అక్కడే కూర్చుంది.

బిడ్డ ఇంటికి వచ్చాక కూడా ఆ గడప తొక్కడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. చివరికి ఒక పొద్దున మనసు దిటవు చేసుకుని, మృదుల కాళ్ల మీద పడైనా క్షమించమని అడుగుదామని ఎల్‌బీ నగర్ వెళ్లింది. మెట్లెక్కుతుండగానే వాసన తగిలింది. అగరు! ఆమెకు తెలియని వాసనా అది? మోకాళ్ల నొప్పి మరిచి పైకి ఉరికింది.

వాకిలి తెరిచే ఉంది. మృదుల చెప్పులు లేవు, మందులకు వెళ్లినట్టుంది. గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. తలుపు కింది నుంచి పొగ పాకుతోంది.

"సూర్యప్రభమ్మా! తలుపు తియ్యుండ్రి! పొగ తగిలితె బిడ్డ దక్కదని డాక్టర్ చెప్పిండు గదా!"

"డాక్టర్లు అలాగే అంటారు" అంది సూర్యప్రభ లోపలి నుంచి, శాంతంగా. "ఆ రోజు మృదుల పాట తెంపబట్టే కదా ఇంత జరిగింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పిల్లకి నిద్ర లేదు. సగంలో ఆగిందాన్ని పూర్తి చేసేస్తే దోషం పోతుంది."

"తప్పమ్మా! నేను చెప్పింది తప్పు! నా మాట ఇనకుండ్రి! దండం పెడుత, తియ్యుండ్రి!"

"ఉండవే, ఇంకొక్క చరణమే. మధ్యలో ఆపకూడదని నువ్వే కదా చెప్పావు."

అండాలమ్మ అరచేతులతో బాదింది. భుజంతో తోసింది. "ఎవరన్న రాండ్రి!" అని అపార్ట్‌మెంటంతా వినబడేట్టు కేకలు పెట్టింది. టేకు తలుపు కదల్లేదు. లోపల సూర్యప్రభ గొంతు, అచ్చం తను నేర్పినట్టే, ఎక్కడా తడబడకుండా సాగుతోంది.

బిడ్డ దగ్గు వినబడింది. సన్నగా ఏడుపు వినబడింది. తర్వాత ఏడుపు ఆగింది.

పాట ఆగలేదు.