సువార్తమ్మ పాట ఆపేసిన ఆదివారం

బీరువాలో పట్టుచీరల మడతల మధ్య పెట్టడానికి కలరా ఉండల పొట్లం విప్పాను. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నాకు చీరలు కాదు, పియానో గుర్తొచ్చింది. చిలకలూరిపేటలో మా చర్చిలో ఎప్పుడో దొరలు వదిలివెళ్ళిన పాత పియానో ఒకటి ఉండేది. చుట్టూ దూది మిల్లులు. గాలిలో ఎప్పుడూ నూగు ఎగురుతూ ఉండేది. ఎలుకలు ఆ దూది పోగుచేసుకొచ్చి పియానో లోపల గూడు పెట్టేవి. వాటిని రానివ్వకుండా వినోదిని టీచర్ గారు చిన్న చిన్న గుడ్డమూటల్లో కలరా ఉండలు కట్టి తీగల కింద వేలాడదీసేవారు. పియానో నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి నెల అదే పని. పైమూత ఎత్తి, లోపలి దూది ఏరి, మూటలు మార్చి, ఏ మెట్టు నొక్కితే ఏ సుత్తి లేచి ఏ తీగని కొడుతుందో చూసి చెప్పాలి. వాయించడం ఆ తర్వాతే.

ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సంగీతం కూడా లెక్కల్లాగే చెప్పేవారు, పొగడ్త లేకుండా. వారంలో ఒక రోజు ఎవరూ పియానో ముట్టుకోకూడదు. గొంతు బాగున్నా లేకపోయినా అందరూ నిలబడి పాడాలి. ఇంకో రోజు డోలక్ పట్టుకోవాలి. చిన్నపిల్లలు హార్మోనియం వాయిస్తుంటే పెద్దపిల్లలు వెనక కూర్చుని గాలి కొట్టాలి. ఒక పిల్ల తప్పు వాయిస్తే ఆవిడ దిద్దేవారు కాదు, కిటికీ దగ్గర కూర్చున్న ఇంకో పిల్లని అడిగేవారు, "ఎక్కడ జారిందే?" అని. ఆ పిల్ల చెప్పలేకపోతే తిట్లు వాయించిన పిల్లకి కాదు, వినని పిల్లకి. "వేళ్ళదేముందే, కోతికి నేర్పినా వస్తాయి. చెవులు రావడానికే ఏళ్ళు పడుతుంది" అనేవారు. నా వేళ్ళు మిగతా అందరికంటే త్వరగా వచ్చాయి. అది నాకు తెలుసు, దాచుకోవడం తెలియదు.

మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో టైమ్ కీపర్. ఆ రోజుల్లో పియానోకి గ్రేడు పరీక్ష ఒకటి ఉండేది. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి గుంటూరులో తీసుకునేవారు. ఆ సర్టిఫికెట్ ఉంటే ఏ ఇంగ్లీషు మీడియం బడిలోనైనా మ్యూజిక్ టీచర్‌గా తీసుకుంటారని నాన్నకి ఎవరో చెప్పారు. నేను తొమ్మిదో తరగతి చదివే ఏడాది ఇంట్లో వేరే మాట లేదు. ఫారం మీద గురువు సంతకం ఉండాలి. అది వినోదిని టీచర్ గారు పెట్టాలి.

మా చర్చిలో పాట ఎత్తుకునేది సువార్తమ్మ గారు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే మనిషి, అరవై దాటి ఉంటాయి. పాస్టర్ గారు పాట పేరు చెప్పగానే చాప మీద కూర్చున్నచోటు నుంచే అందుకునేవారు. ఏ శృతి నోటికొస్తే అదే. తెల్లమెట్టుకీ నల్లమెట్టుకీ మధ్య ఎక్కడో ఉండేది ఆ గొంతు. పైగా ప్రతి చరణం చివరా ఆగేవారు, ఆ ఆఖరి అక్షరం పట్టుకుని సాగదీస్తూ. తాళం అప్పుడే తెగిపోయేది. పరీక్షకి తయారవుతున్న నాకు అది పంటి కింద రాయిలా ఉండేది.

మార్చిలో ఒక ఆదివారం పాటకి వాయించమని మొదటిసారి పియానో దగ్గర నన్ను కూర్చోబెట్టారు. సువార్తమ్మ గారు ఎత్తుకున్నారు. నేను దగ్గర్లో ఉన్న మెట్టు పట్టుకుని గట్టిగా వాయించాను, ఆవిడే నా శృతిలోకి వస్తుందని. రాలేదు. ఇంకా గట్టిగా వాయించాను. చరణం చివర ఆవిడ ఆగారు, నేను ఆగలేదు. కుర్రాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. రెండో చరణం సగంలో సువార్తమ్మ గారు పాట ఆపేశారు. పైట నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నారు. ఆవిడతో పాటే ఒక్కొక్కరూ ఆపేశారు. నేను మాత్రం చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా వాయించాను.

అందరూ వెళ్ళాక టీచర్ గారు వచ్చి పియానో మూత వేశారు.

"ఏం చేశావే ఇవాళ?"

"ఆవిడే శృతి తప్పిందండి. నేను కరెక్టుగానే వాయించాను."

"కరెక్టుగానే వాయించావు. మరి పాటేదీ?"

తర్వాతి ఆదివారం పాస్టర్ గారు పాట పేరు చెప్పారు. సువార్తమ్మ గారు నోరు విప్పలేదు. ఎవరో మొదలుపెట్టారు, రెండు లైన్లకే చల్లారిపోయింది. ఆ పై వారమూ అంతే. ఆలోగా ఫారం వచ్చింది. తీసుకెళ్ళి టీచర్ గారి ముందు పెట్టాను. ఆవిడ మొత్తం చదివారు, పెన్ను తీయలేదు.

"సువార్తమ్మ మళ్ళీ పాట ఎత్తుకున్న రోజు సంతకం పెడతాను."

"ఆవిడ ఎత్తుకోకపోతే నా తప్పాండీ?"

"మరి నాదా?"

ఆఖరు తేదీకి పన్నెండు రోజులుంది. సెలవులు ఇచ్చారు. పొద్దున్నే నాన్న సైకిలు వేసుకుని ఊరి బయట మిరపకల్లానికి వెళ్ళాను. టార్పాలిన్ పట్టాల నీడలో పాతికమంది ఆడవాళ్ళు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఎర్రటి కుప్పల ముందు కూర్చుని ఉన్నారు. వెళ్ళీ వెళ్ళగానే నాకు తుమ్ములు అందుకున్నాయి. అందరూ నవ్వారు.

"ఏందమ్మాయ్, పేనో ఇడిసిపెట్టి ఇట్టొచ్చావు?" అన్నారు సువార్తమ్మ గారు.

క్షమించమన్నాను. ఆవిడ చేతులు ఆగలేదు. "నాకేం కోపం లేదమ్మా. నువ్వు సదువుకున్నదానివి. నేను నోటికేదొస్తే అది పాడేదాన్ని. నీ వాయింపుడుకి అడ్డమెందుకని ఊరుకున్నా."

తిట్టినా బాగుండేది. ఏం చేయాలో తెలియక అక్కడే కూర్చుని నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను. "కళ్ళు తుడుచుకోబాకే, చేతులకి ఘాటుంటది!" అని పక్కావిడ అరిచేసరికే తుడుచుకున్నాను. ఆ పూటంతా నీళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాను. మర్నాడూ వెళ్ళాను. నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ళు నన్ను మర్చిపోయి పాడుకోవడం మొదలుపెట్టారు. సువార్తమ్మ గారు కూడా. ఇక్కడా అంతే, చరణం చివర ఆగడం, సాగదీయడం. ఉండబట్టలేక అడిగాను, ఎందుకలా సాగదీస్తారని.

"సాగదీయటమేంది?" అన్నారావిడ ఆశ్చర్యంగా. "చర్చిలో ఎనకమాల గోడకి ఆనుకుని కూసునేవోళ్ళు లేరా? యేసోబుకి చెవుడు. ఆ ముసలోళ్ళు ముగ్గురికి అచ్చరమ్ముక్క రాదు, నా నోరు చూసి పాడతారు. ఆళ్ళ నోట్లో లైను అయ్యిందాకా నేను పట్టుకోనుండాలి గదా. నేను దూకితే ఆళ్ళు ఆడే ఉండిపోతారు."

పియానో ముందుగోడవైపు తిరిగి ఉండేది. ఆరేళ్ళుగా నేను చర్చికి వీపు పెట్టే వాయించడం నేర్చుకున్నాను. వెనక గోడకి ఆనుకుని ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు.

మిగిలిన రోజులూ వెళ్ళాను. ఆవిడ కల్లంలో పాడేవారు గానీ, చర్చిలో పాడతారా అంటే "సూద్దాంలే" అనేవారు. మధ్యలో వచ్చిన ఆదివారం కూడా ఎత్తుకోలేదు. శుక్రవారంతో ఆఖరు తేదీ దాటిపోయింది. శనివారం నాన్న నన్ను వెంటబెట్టుకుని టీచర్ గారింటికి వెళ్ళారు. నాన్న ఎవరి మీదా గొంతు లేపే మనిషి కాదు.

"పిల్లకి ఒక సంవత్సరం పోయిందండీ," అన్నారు.

"పోలేదండీ. నేర్చుకుంటోంది."

"ఏం నేర్చుకుంటోందండీ? మిరపకాయలు ఒలవడం మా అమ్మ నేర్చుకుంది, చాలదా? నేను ఆ కల్లంలోంచి బయటపడటానికి పదేళ్ళు పట్టింది. మీరు నా కూతుర్ని మళ్ళీ అక్కడ కూర్చోబెట్టారు."

టీచర్ గారు, "అది నేను ఆలోచించలేదండీ. మీరు అన్నదీ నిజమే" అన్నారు. సంతకం గురించి మాత్రం మాట మార్చలేదు. ఆ రోజు నేను పూర్తిగా టీచర్ గారి వైపు. ఇప్పుడు నాకూ ఏడేళ్ళ కూతురుంది. ఎవరైనా దాని ఫారం అలా ఆపితే నేను నాన్నకంటే పెద్ద గొంతుతో వెళ్ళేదాన్నేమో. ఇద్దరిలో ఎవరిది ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం టీచర్ గారితో ఒక్క మాటే అన్నాను, "పియానో తిప్పుదామండీ" అని. ఆవిడ నా వైపు చూసి, కొంగు నడుముకి దోపుకున్నారు. ఇంకో ముగ్గురు పిల్లల్ని పిలిచి, కాళ్ళ కింద గోనెపట్టాలు వేసి, గంటసేపు నెట్టాం. ఆదివారం నేను కూర్చుంటే చర్చి మొత్తం నాకు కనిపించింది. వెనక గోడ దగ్గర యేసోబు తాత, పక్కన ముగ్గురు. పాస్టర్ గారు పాట పేరు చెప్పారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని సువార్తమ్మ గారి వైపు చూశాను. ఆవిడ చాప వైపు చూస్తున్నారు. ఎవరూ కదల్లేదు. ఎవరో దగ్గారు. అంతసేపు ఏమీ వాయించకుండా ఉండటం నాకు అదే మొదటిసారి. చివరికి ఆవిడ తలెత్తి, నా చేతులు ఎక్కడున్నాయో చూసి, ఎత్తుకున్నారు.

ఎప్పటిలాగే మెట్లకి మధ్య. నేను కింద ఒకే ఒక్క స్వరం, వినిపించీ వినిపించనట్టు నొక్కాను. చరణం చివర యేసోబు తాత పెదవులు మూసుకునేదాకా ఆగాను. అది నేను అనుకున్నంత సేపు కూడా కాదు. రెండో చరణానికి ఎడమచెయ్యి కలిపాను. బయటికొచ్చాక టీచర్ గారు, "రెండో చరణంలో ఎడమచెయ్యి తొందరపడింది" అన్నారు, అంతే.

మరుసటి ఏడు సంతకం పెట్టారు. పరీక్ష పాసయ్యాను, గొప్ప మార్కులేం రాలేదు. మ్యూజిక్ టీచర్‌నీ కాలేదు. మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. వినోదిని టీచర్ గారు నా పెళ్ళికి ముందే పోయారు. ఆవిడ సమాధి ప్రార్థనకి నేనే వాయించాను, పాట సువార్తమ్మ గారు ఎత్తుకున్నారు.

మా పాప చదవడంలో వెనకబడి ఉందని మొన్న స్కూల్లో పిలిచి చెప్పారు. అప్పటినుంచి రోజూ పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చదివిస్తున్నాను. ఒక మాట దగ్గర అది ఆగగానే దాని నోటి చివరున్న మాట నేనే అనేస్తాను. నిన్న పుస్తకం మూసేసింది. "నువ్వు ముందే చెప్పేస్తే నేనెందుకమ్మా?" అంది. ఇవాళ మళ్ళీ కూర్చున్నాం. పుస్తకం వైపు చూడకుండా దాని పెదవుల వైపే చూశాను. 'పొద్దుతిరుగుడు' అనడానికి దానికి మూడుసార్లు పట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆగాను.